మూడు కొటేషన్లు సోకు కోసం కాదు

ఫంక్షనల్ ప్రోగ్రామింగ్ వాళ్ల మధ్య ఓ మాట ఏళ్ల తరబడి చెలామణీలో ఉంది. నాలుగైదు వరసల పాఠాన్ని ప్రోగ్రాంలో ఉన్నదున్నట్టు రాసుకునే వీలుండాలని ఎవరైనా అడిగితే, "అది వట్టి సింటాక్టిక్ షుగర్, దానికోసం భాషని కదిలించాలా?" అంటారు. భాషకి కొత్త శక్తినివ్వకుండా రాతని తీపి చేసే సదుపాయమని ఆ మాటకి అర్థం. కాస్త ఓపిక ఉన్నవాళ్లు దారి చూపిస్తారు: ఒక్కో వరసనీ విడి స్ట్రింగుగా రాసి, జాబితా కట్టి, అన్‌లైన్స్ అనే ఫంక్షన్‌కి అప్పగించు. మరీ పెద్దమనుషులైతే మందలిస్తారు: అంత పాఠానికి ప్రోగ్రాంలో ఏం పని, వేరే ఫైల్లో పెట్టు.

ఈ మూడు జవాబుల్లో ఏదీ నిలవదు. తెలుగు పాఠం దగ్గరికొస్తే అసలే నిలవదు. కచ్చితత్వమే మా కులదైవం అని చెప్పుకునే భాషల వాళ్లు, తప్పు దొర్లడానికి అన్ని వీలులూ ఉన్న ఒక చోటుని చూసి "అలంకారం" అని చప్పరించేయడం నాకు మొదటినుంచీ మింగుడుపడని సంగతి.

ముందు చరిత్ర. హాస్కెల్ తొలి నివేదిక 1990లో వచ్చింది. బహుళ వరసల స్ట్రింగుకి ఆ భాషలో సూటైన చోటు దొరికింది 2024 డిసెంబరులో, జీహెచ్‌సీ 9.12 కంపైలర్‌తో. అదీ ఫలానా ఎక్స్‌టెన్షన్ కావాలని ఫైలు నెత్తిన రాసుకుంటేనే. బ్రాండన్ చిన్ ఇచ్చిన 569వ నంబరు ప్రతిపాదన దానికి మూలం. ఎర్లాంగ్ కథ ఇంకా పాతది. 1986లో ఎరిక్సన్ కంపెనీలో పుట్టిన భాష. మామూలు కొటేషన్ల మధ్య వరస విరవనిచ్చేది గానీ, ఎడమ పక్క జాగాని తీసేసే మూడు కొటేషన్ల స్ట్రింగు దానికి అందింది 2024 మేలో, ఓటీపీ 27 అనే విడుదలతో. ఓకామల్ 2014లో తన పద్ధతి తాను చూసుకుంది. ఎఫ్ షార్ప్ 2012లోనే మూడు కొటేషన్లు పెట్టుకుంది. అందరూ నత్త అని వెక్కిరించే జావాకి కూడా 2020లో వచ్చేశాయి. హాస్కెల్ వాళ్లకి తెలివితక్కువై ముప్ఫై నాలుగేళ్లు ఆగలేదు. అక్కర్లేదన్న నమ్మకం గట్టిది, అందుకు ఆగారు.

ఆ నమ్మకాన్ని ముదినేపల్లికి తెచ్చి చూద్దాం. గుడివాడ నుంచి కైకలూరు వెళ్లే దారిలో ఒకప్పుడు వరి చేలుగా ఉన్నచోట్ల ఇప్పుడు రెండు పక్కలా చేపల చెరువులు. పట్టుబడి రోజున గట్టు మీద కాటా పెట్టి తూస్తారు. ఆ లెక్క రైతుకి కాయితం మీద వెళ్లొచ్చు, వాట్సాప్‌లో వెళ్లొచ్చు, మామూలు ఫోను వాడేవాళ్లకి ఎస్సెమ్మెస్‌గా వెళ్లొచ్చు. (వాట్సాప్ సర్వర్లు ఎర్లాంగ్ మీదే కట్టారు. ఫంక్షనల్ భాషలు విశ్వవిద్యాలయాల వ్యవహారమని అనుకునేవాళ్లు కొల్లేరు గట్టున ఓ పూట నిలబడితే సరి.) అలాంటి చీటీ ఒకటి ప్రోగ్రాంలో ఇలా ఉంటుందనుకుందాం:

    """
    కాటా చీటీ
    ముదినేపల్లి, ఏలూరు జిల్లా
    రకం: శీలావతి
    బరువు:
    ధర:
    కోత:
    """

ఆరు వరసలు. ఈ ఆరు వరసలు సరిగ్గా ఉన్నాయో లేదో చెప్పగలిగింది ఎవరు? ప్రోగ్రాం రాసిన కుర్రాడు కాదు. వాడు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటాడు. శీలావతికీ బొచ్చెకీ తేడా అడిగితే నెట్‌లో వెతుకుతాడు. కంపైలర్ అసలే కాదు. దానికి ఈ మొత్తం ఒక స్ట్రింగు, అంతే. కోత ముందొచ్చి ధర తర్వాతొచ్చినా, జిల్లా పేరు తప్పినా, రెండు వరసలు అతుక్కుపోయి "బరువు:ధర:" అని వచ్చినా కంపైలర్ నోరెత్తదు, ఎందుకంటే టైపు సరిపోయింది. హాస్కెల్ టైపుల వ్యవస్థ ఎంత గొప్పదైనా దాని చూపు కొటేషన్ గుర్తు దగ్గర ఆగిపోతుంది. లోపలున్నదాన్ని పరీక్షించే సాధనం మనిషి కన్ను ఒక్కటే. కొనుగోలుదారు దగ్గర లెక్కలు రాసే గుమస్తా చూసి, "బాబూ, కోత తర్వాత నికరం వెయ్యాలి, అది లేకపోతే రైతు ఒప్పుకోడు" అంటే ఆ పాఠం సరవుతుంది.

గుమస్తా వచ్చి ప్రోగ్రాం ఫైలు తెరుస్తాడా అని అడగొచ్చు. తెరవడు. కానీ ఆ ముక్కని ఫొటో తీసి ఆయనకి పంపొచ్చు, ఆయన చదవగలడు. దాన్నే మన పాత పద్ధతిలో రాసి పంపి చూడండి. ప్రతి వరసకీ రెండు కొటేషన్లు, చివర బ్యాక్‌స్లాష్ పక్కన ఎన్, ఆ పక్కన రెండు కూడిక గుర్తులు. పాఠంలోనే ముదినేపల్లి తర్వాత ఒక కామా ఉంది. జాబితాగా రాస్తే కొటేషన్ బయట ఇంకో కామా. ఏది చీటీలో పడుతుందో ఏది పడదో గుమస్తా తేల్చుకోలేడు. నెల తర్వాత చూస్తే రాసినవాడికీ కాసేపు పడుతుంది. చదవగలిగిన మనిషి చేతికి చదవలేని రూపంలో ఇచ్చి, పరీక్ష జరిగిందనుకోవడం ఎలాంటి కచ్చితత్వం?

"అన్‌లైన్స్ చాలు" అనేవాళ్లు ఆ ఫంక్షన్ చేసే పని ఇంకొకటి చెప్పరు. అది వరసల మధ్యనే కాదు, ఆఖరి వరస తర్వాత కూడా ఒక విరుపు పెడుతుంది. తెర మీద తేడా తెలియదు. ఎస్సెమ్మెస్‌లో తెలుస్తుంది. 2018లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం మన దేశంలో వ్యాపార సందేశం పంపేవాళ్లు దాని నమూనాని ముందే నమోదు చేయించుకోవాలి. మారే చోట్ల మాత్రమే ఖాళీలు వదలాలి. వెళ్లే సందేశం ఆ నమూనాతో సరిపోలకపోతే దారిలోనే తిరగ్గొడతారు. అంటే ఇక్కడ పాఠం ఆకారం అందచందాల విషయం కాదు, సందేశం చేరడమా చేరకపోవడమా అన్న విషయం. నమోదు చేసిన నమూనాని పక్కన పెట్టుకుని, ప్రోగ్రాంలోని పాఠంతో వరసకి వరస పోల్చుకోగలగాలి. రెండూ ఒకేలా కనిపిస్తే ఆ పని చిటికెలో అవుతుంది. ఒకటి చీటీలా, ఇంకొకటి కూడికలూ బ్యాక్‌స్లాష్‌ల తోరణంలా ఉంటే కాదు.

హాస్కెల్‌లో మరో పాత మార్గం ఉంది, స్ట్రింగ్ గ్యాప్ అంటారు. వరస చివర ఒక బ్యాక్‌స్లాష్, కింది వరస మొదట్లో ఇంకో బ్యాక్‌స్లాష్. రెంటి నడుమ ఉన్న ఖాళీనంతా కంపైలర్ మింగేస్తుంది. ఇది వరస విరుపుని పెట్టదు, దాచేస్తుంది. విరుపు కావాలంటే విడిగా మళ్లీ రాయాలి. పైగా ఫైల్లో సీ ప్రీప్రాసెసర్ వాడుతుంటే అది వరస చివరి బ్యాక్‌స్లాష్‌ని తన సొత్తనుకుని లాగేసుకుంటుంది, గ్యాప్ చెడిపోతుంది. జీహెచ్‌సీ పుస్తకంలోనే ఈ హెచ్చరిక ఉంది. రోగం తెలిసి కూడా ఇన్నేళ్లూ దీన్నే మందుగా ఇస్తూ వచ్చారు.

వెతుకులాట మాటకొద్దాం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. అప్పటిదాకా కృష్ణా జిల్లాలో ఉన్న ముదినేపల్లి, కైకలూరు, మండవల్లి, కలిదిండి ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. ఆ చుట్టుపక్కల రసీదులు, చీటీలు, నోటీసులు కొట్టే ఏ ప్రోగ్రాంలోనైనా "కృష్ణా జిల్లా" అన్నచోటల్లా "ఏలూరు జిల్లా" కావాలి. పాఠం ఉన్నదున్నట్టు రాసి ఉంటే ఒక్కసారి వెతికితే అన్నీ దొరుకుతాయి. స్ట్రింగ్ గ్యాప్ ఆ రెండు మాటల మధ్యలో పడిందనుకోండి, "కృష్ణా" ఒక వరసలో, "జిల్లా" కింది వరసలో రెండు బ్యాక్‌స్లాష్‌ల అవతల. రెండు మాటలూ కలిపి వెతికితే దొరకదు. దొరకని చోట జిల్లా పాతదే ఉండిపోతుంది, ఎవరో రైతు ఆ కాయితం బ్యాంకుకి తీసుకెళ్లినప్పుడు బయటపడుతుంది. షుగర్ అన్నవాళ్లకి ఆ బ్యాంకు కౌంటరు కనబడదు.

ఇక మూడో జవాబు: ఫైల్లో పెట్టు. ఇది వినడానికి బుద్ధిమంతుల మాటలా ఉంటుంది కాబట్టి దీన్ని కొంచెం నిదానంగా విప్పాలి.

ఫంక్షనల్ భాషల ప్రాణం విలువల్లో ఉంది. ఒక పేరుకి ఒక విలువ. ఎప్పుడు చూసినా ఎక్కడ చూసినా అదే. ప్రోగ్రాంలో రాసిన చీటీ అలాంటి విలువ. దాన్నే ఫైల్లోకి తోసేస్తే అది విలువ కావడం మానేసి, ప్రోగ్రాం నడిచేటప్పుడు బయటి ప్రపంచం నుంచి తెచ్చుకోవలసిన సరుకవుతుంది. హాస్కెల్‌లో దాని టైపే మారిపోతుంది. ఫైలు ఉండకపోవచ్చు, వేరే ఫోల్డరులో ఉండొచ్చు, నిన్నటి ప్రోగ్రాం పక్కన మొన్నటి ఫైలు ఉండొచ్చు. స్వచ్ఛత గురించి గంటలు మాట్లాడేవాళ్లు ఆరు వరసల చీటీ కోసం ఆ స్వచ్ఛతని చేజేతులా వదులుకోమని సలహా ఇస్తున్నారు!

తెలుగువాళ్లకి ఇందులో ఇంకో గుంట ఉంది. హాస్కెల్ సోర్సు ఫైలు యూటీఎఫ్-8లో ఉంటుందని కంపైలర్ ముందే అనుకుంటుంది, అది మన యంత్రం మీద ఆధారపడదు. ప్రోగ్రాం నడుస్తూ తెరిచే ఫైలు సంగతి అలా కాదు. మామూలుగా ఫైలు చదివే ఫంక్షన్ ఆ యంత్రపు లొకేల్ (భాష, ఎన్‌కోడింగ్‌ల అమరిక) ఏం చెబితే ఆ ఎన్‌కోడింగ్‌లో చదువుతుంది. మన ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటుంది. సర్వర్ మీద, లొకేల్ ఏదీ పెట్టని చిన్న కంటెయినర్‌లో నడిపితే, 224తో మొదలయ్యే బైట్లు అర్థం కాలేదంటూ ప్రోగ్రాం పడిపోతుంది. 224 ఎందుకంటే యూనికోడ్‌లో తెలుగు అక్షరాలన్నీ యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు, మొదటి బైటు ప్రతిదానికీ 224. ఇంగ్లీషు పాఠంతో పరీక్షించినవాడికి ఈ తప్పు జీవితకాలంలో కనబడదు. బైట్లుగా చదువుకుని మనమే యూటీఎఫ్-8గా విప్పుకునే మార్గం ఉంది, నిజమే. అది తెలిసుండాలి, గుర్తుండాలి, ఫైలు తెరిచిన ప్రతిచోటా పాటించాలి. సోర్సులో రాసిన పాఠానికి ఇవేవీ అక్కర్లేదు.

కంపైల్ చేసేటప్పుడే ఫైలుని లోపలికి లాగి పొదిగే లైబ్రరీలు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి, టెంప్లేట్ హాస్కెల్ అనే భారీ యంత్రాంగాన్ని ఆరు వరసల కోసం నడపాలి. పాఠం ఒకచోట, దాన్ని వాడే ఫంక్షన్ ఇంకోచోట. "ధర:" పక్కన ఏ విలువ పడుతుందో చూడాలంటే రెండు ఫైళ్లు పక్కపక్కన తెరుచుకోవాలి. వందల వరసల ఒప్పంద పత్రమైతే, లేదా ఒకే పాఠం నాలుగు భాషల్లో ఉండి అనువాదకులు విడిగా పనిచేస్తుంటే, ఫైలే సరైన చోటు. దానితో నాకు పేచీ లేదు. పేచీ ఎక్కడంటే, ఆ పెద్ద పాఠాల కోసం చెప్పిన నీతిని చిన్న చీటీ మీదకి తెచ్చి రుద్దడం దగ్గర.

పండితుల జవాబు ఇంకొకటి ఉంది. పాఠాన్ని స్ట్రింగుగా చూడటమే అనాగరికం, ప్రెట్టీ ప్రింటర్ కాంబినేటర్లతో కట్టాలి అంటారు. జాన్ హ్యూస్ 1995లో రాసిన పత్రం, 2003లో అచ్చయిన ఫిలిప్ వాడ్లర్ పత్రం ఆ దారిలో గొప్ప పనులు. చదివిన ప్రతిసారీ నాకు ముచ్చటేస్తుంది. కానీ అవి ఏ ప్రశ్నకి జవాబులు? వెడల్పుని బట్టి వరసలు ఎక్కడ విరగాలో ముందు తెలియని పాఠానికి. కాటా చీటీ ఎక్కడ విరగాలో రాసేవాడికి తెలుసు, పంపేవాడికి తెలుసు, నమూనా నమోదు చేసుకున్నవాళ్లకీ తెలుసు. తెలిసినదాన్ని మళ్లీ లెక్కగట్టి కనుక్కోవడం పాండిత్యం కావచ్చు, పని కాదు.

ఇంతవరకూ వాదించాక, మూడు కొటేషన్లు పెట్టేస్తే గొడవ తీరిపోతుందని చెప్పే రకాన్ని కూడా నేను నమ్మను. ఎడమ పక్క జాగా ఉందే, అసలు తగాదా అక్కడుంది. ఫంక్షన్ లోపల ఫంక్షన్ రాస్తూ పోతే పాఠం కుడికి జరుగుతుంది. ఆ జరిగిన ఖాళీ పాఠంలో భాగమా, ప్రోగ్రాం పొందికలో భాగమా? భాష ఏమీ తీసెయ్యకపోతే, ఎనిమిదేసి ఖాళీల చొప్పున ఆరు వరసలకి 48. తెలుగులో ఒక ఎస్సెమ్మెస్‌కి దక్కేది 70 యూనిట్లు. ఇంగ్లీషులో అయితే 160. దాటితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకి 67. అంటే కంటికి కనబడని ఖాళీలే ఒక సందేశంలో మూడింట రెండు వంతులు తినేస్తాయి, ఒక్కో ముక్కకీ డబ్బు కట్టేది పంపేవాడు. పైథాన్ మూడు కొటేషన్లు చాలాకాలం ఇలాగే ఏమీ తీసెయ్యకుండా వదిలేసి, కావాలంటే విడిగా ఒక ఫంక్షన్ పిలుచుకోమన్నాయి. స్కాలా భాషలో ప్రతి వరస మొదటా ఒక నిలువు గీత గీసి, గీత దాకా కొట్టెయ్యమని చెప్పాలి. గీత మరిచిన వరస తన ఖాళీలన్నిటితో అలాగే ఉండిపోతుంది. గుమస్తా "నికరం" అనే వరస చేర్చమన్న రోజున ఎవరో గీత మరుస్తారు.

ఎలిక్సిర్ అనే భాష పద్ధతి నాకు అన్నిటికంటే నచ్చింది: మూసే కొటేషన్లు ఎక్కడ నిలబడితే అక్కడికి ఎడమ అంచు. దానికి ఎడమకి జారిన వరస ఉంటే హెచ్చరిస్తుంది. ఎర్లాంగ్ ఇంకా కరకు. జారితే తప్పంటుంది, కంపైల్ చెయ్యదు. అంచు ఎక్కడుందో కంటికి కనబడుతుంది, లెక్క అక్కర్లేదు. హాస్కెల్ ఎంచుకున్న దారి వేరు. మొదటి వరసని వదిలేసి, మిగిలినవాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న ఖాళీ ఎంతో కంపైలర్ తానే కొలిచి తీసేస్తుంది. మొదట్లో ఒక విరుపు, చివర్లో ఒక విరుపు కూడా తీసేస్తుంది. చాలామటుకు బాగానే పనిచేస్తుంది. కానీ పాఠం మొత్తం రెండు ఖాళీలు లోపలికి జరిగి ఉండాలంటే అంచుకి గుర్తు ఉండదు, బ్యాక్‌స్లాష్ పక్కన ఆంపర్‌శాండ్ పెట్టి "ఇక్కడ మొదలు" అని చెప్పుకోవాలి. మూసే కొటేషన్లకి ఆ పని అప్పగిస్తే పోయేది. ఆ విషయంలో వాళ్లని తప్పుపట్టడానికి నాకు అభ్యంతరం లేదు. ఆ తప్పు కూడా, అసలు వద్దన్నవాళ్ల మొండితనం కంటే నయం.

వద్దన్నవాళ్ల మాటల్లో న్యాయమైనది ఒకటుంది. ఉన్నదున్నట్టు రాసిన పాఠంలో కంటికి కనబడనివి దాక్కుంటాయి. వరస చివర ఖాళీలు, ట్యాబులు. తెలుగులో మరొకటి: పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే జీరో విడ్త్ నాన్ జాయినర్. "వాట్సాప్‌లో" అని రాసినప్పుడు ప కింద లావొత్తు పడకుండా ఆపేది అదే. రెండు పాఠాలు చూడటానికి ఒకటే ఉండి, ఒకదాంట్లో అది ఉండి ఇంకోదాంట్లో లేకపోతే, నమూనా పోలిక దగ్గర తంటా. హాస్కెల్‌లో షో అనే ఫంక్షన్‌తో చూస్తే అది 8204 అని బయటపడుతుంది. మంచిదే. అయితే అదే షో "తెలుగు" అన్న మాటని ఎలా చూపిస్తుందో కూడా చూడాలి:

    "\3108\3142\3122\3137\3095\3137"

ఇంగ్లీషు అక్షరాలు మాత్రమే అక్షరాలు, మిగతావన్నీ అంకెలు! పాఠాన్ని ఇలా అంకెలుగా చూడటానికి అలవాటుపడ్డవాళ్లకి బహుళ వరసల స్ట్రింగు షుగర్‌లా కనబడటంలో వింతేముంది? కనబడనివాటిని పట్టుకోవాలంటే వాటిని మాత్రమే విప్పి చూపే పనిముట్టు రాసుకోవచ్చు. గట్టిగా పది వరసలు. అందుకోసం కనబడేవాటిని కూడా చదవరాకుండా చెయ్యనక్కర్లేదు.

చీటీలో ఇంకా ఖాళీగా ఉన్నవి బరువు, ధర, కోత. వాటిని పాఠం మధ్యలోనే విలువల పేర్లు రాసి నింపే సదుపాయం జీహెచ్‌సీ 9.12 ఇవ్వలేదు. ఎలిక్సిర్‌లో ఉంది, స్కాలాలో ఉంది, ఎఫ్ షార్ప్‌లోనూ చేర్చారు. హాస్కెల్‌లో ఇప్పటికీ ప్రింటెఫ్ తరహా ఫంక్షన్లనో, టెంప్లేట్ హాస్కెల్ మీద నడిచే లైబ్రరీలనో ఆశ్రయించాలి. ప్రింటెఫ్ అయితే ఖాళీల సంఖ్యకీ విలువల సంఖ్యకీ పొంతన కుదరనప్పుడు కంపైలర్ చెప్పదు, నడిచేటప్పుడు పడిపోతుంది. టైపులతో పట్టుకోగలిగిన తప్పు ఇది, స్ట్రింగు లోపలి మాటలకన్నా ఎంతో సులువుగా. దీన్ని కూడా షుగర్ అనేసి ఇంకో ముప్ఫై నాలుగేళ్లు కూర్చునేవాళ్లు, పట్టుబడి రోజున చీటీ రాక గట్టు మీద నిలబడ్డ రైతుకి ఆ మాట వాళ్లే చెప్పుకోవాలి.